చదువుకున్నవారు పెరిగారు, సమాజానికి ఏమి ఒరిగింది?

పట్టా చేతికి వచ్చి కూడా పని దొరకని మీరు మూడు ప్రశ్నలు అడిగారు. చదువు సమాజానికి పునాది అని చిన్నప్పటి నుంచి వ్యాసాలు రాస్తూ వచ్చాం, అందులో నిజమెంత? పెద్ద పెద్ద మోసాలు చేసేది చదువుకున్నవారే కదా, మరి చదువు మనిషిని బాగుచేస్తుందని ఎలా నమ్మాలి? కావలసిన సమాచారమంతా ఫోనులో దొరుకుతుంటే ఇన్నేళ్ల బడి ఎందుకు? పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు అక్షరాలు నేర్పుతూ జీవితంలో ఎక్కువ భాగం గడిపిన మనిషిగా ఈ మూడింటినీ నేను చాలాసార్లు విన్నాను. మూడూ న్యాయమైన ప్రశ్నలే.

మీరు రాసిన వ్యాసాలు మిమ్మల్నే నమ్మించలేకపోవడానికి కారణం ఉంది. చదువుకున్న మనిషికి ఏమి దక్కుతుందన్న లెక్కతోనే అవి మొదలై ముగుస్తాయి: ఉద్యోగం, హోదా, నలుగురిలో గౌరవం. ఆ లెక్కలో తేడా వచ్చిన రోజున చదువంతా దండగ అనిపిస్తుంది. చదువు సమాజానికి ఏమి చేస్తుందో తెలియాలంటే చదువుకున్న మనిషి చుట్టూ ఉన్నవారిని చూడాలి. అతను చదువుకున్నందువల్ల, తాము చదువుకోనివారికి కూడా ఏమి మారిందో చూడాలి.

ముందు పసిపిల్లల ప్రాణాల సంగతి చెబుతాను. ఇంతకంటే బలమైన సాక్ష్యం నాకు తెలిసి మరొకటి లేదు. ఆస్ట్రేలియాకు చెందిన జనాభా శాస్త్రవేత్త జాన్ కాల్డ్‌వెల్ నైజీరియాలో చేసిన పరిశీలనల ఆధారంగా 1979లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. కలిగిన ఇంట్లో పిల్లలు ఎక్కువగా బతుకుతారన్నది అందరూ అనుకునే మాటే. అయితే తండ్రి వృత్తిని, ఇంటి స్థితిగతులను లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా తల్లి చదువు ప్రభావం విడిగా కనిపిస్తోందని ఆయన చూపించారు. తర్వాత అనేక దేశాల్లో ఇదే తేలింది. 175 దేశాల సమాచారాన్ని పరిశీలించిన ఒక అధ్యయనం 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. 1970తో పోలిస్తే 2009లో ఐదేళ్లలోపు పిల్లల మరణాలు 82 లక్షలు తగ్గాయని, అందులో 42 లక్షలు, అంటే సగానికి పైగా, స్త్రీల చదువు పెరగడం వల్లేనని ఆ అధ్యయనం అంచనా వేసింది. ఒక్కసారి ఆగి ఈ అంకె గురించి ఆలోచించండి. బడికి వెళ్లింది ఒకరు, బతికింది మరొకరు.

ఆ తల్లికి బడిలో శిశువైద్యం ఎవరూ నేర్పలేదు. మరి ఇదెలా జరిగింది? మందు సీసా మీద రాసినది చదవగలగడం, టీకా వేయించాల్సిన తేదీ తప్పకుండా చూసుకోవడం కొంత కారణం. అంతకంటే పెద్ద కారణం వేరే ఉంది. ఆమె డాక్టరు ఎదుట నిలబడి, మీరు చెప్పింది అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అని అడగగలుగుతుంది. బిడ్డకు జ్వరం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందేనని ఇంట్లో పట్టుబట్టగలుగుతుంది. కాల్డ్‌వెల్ ఎత్తిచూపినవి కూడా ఇలాంటివే: నుదుటి రాత అని ఊరుకోకపోవడం, కొత్త వైద్యాన్ని వాడుకోగలగడం, ఇంట్లో ఆమె మాట చెల్లడం. రాత్రిబడికి వచ్చిన పెద్దల్లో నేను గమనించింది కూడా ఇదే. చేతిరాత కుదురుకోకముందే గొంతులో మార్పు వస్తుంది. తలుపు దగ్గర కూర్చునేవారు ముందు వరుసలోకి వస్తారు, అర్థం కానిదాన్ని అర్థం కాలేదని చెప్పడం మొదలుపెడతారు. ప్రపంచంలో ఇంకా దాదాపు 75 కోట్ల మంది పెద్దలకు చదవడం రాయడం రాదు. వారిలో మూడింట రెండు వంతుల మంది స్త్రీలే. ఇంత తెలిసిన తర్వాత కూడా ఆ సంఖ్య అలా ఉండనివ్వడం నాకు క్షమించరానిదిగా తోస్తుంది.

అడగగలగడం అన్నాను కదా, దానికి ఎంత శక్తి ఉందో చదువు చెప్పినవారికంటే చదువు వద్దన్నవారికే బాగా తెలుసు. అమెరికాలో సౌత్ కరొలైనా 1740లో చేసిన చట్టం ప్రకారం బానిసకు రాయడం నేర్పినవారికి 100 పౌండ్ల జరిమానా. పొలంలో చాకిరీ చేసే మనిషికి నాలుగక్షరాలు వస్తే యజమానికి వచ్చే నష్టం ఏమిటి? రాత వస్తే, బయటికి వెళ్లడానికి యజమాని ఇవ్వాల్సిన అనుమతి చీటీని తానే రాసుకుంటాడు. దూరాన ఉన్నవారికి కబురు పంపుతాడు. తర్వాతి రోజుల్లో బానిసత్వ వ్యతిరేక నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్ బాల్టిమోర్‌లో బానిస బాలుడిగా ఉన్నప్పుడు యజమానురాలు అతనికి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. చదువు వస్తే బానిసగా ఇక పనికిరాడని భర్త ఆమెను అడ్డుకున్నాడు. పక్కనే ఉండి విన్న ఆ బాలుడికి విముక్తికి దారి ఎటో తెలిసిపోయింది. వీధిలోని తెల్ల పిల్లలకు రొట్టె ఇచ్చి, బదులుగా వారి దగ్గర చదవడం నేర్చుకున్నాడు.

1865లో బానిసత్వం రద్దయింది కానీ ఆ భయం పోలేదు. ఓటరుగా నమోదు కావాలంటే రాజ్యాంగంలోని ఒక భాగాన్ని చదివి చూపించాలని దక్షిణాది రాష్ట్రాలు నిబంధనలు పెట్టాయి. ఏ చేత్తో బడిని దూరం చేశారో ఆ చేత్తోనే, చదువు లేదు కాబట్టి ఓటు లేదన్నారు. సెప్టిమా క్లార్క్ అనే ఉపాధ్యాయిని పౌరహక్కుల సంఘంలో సభ్యత్వం వదులుకోనన్నందుకు 1956లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. మరుసటి సంవత్సరం సౌత్ కరొలైనాలోని జాన్స్ ఐలాండ్ అనే దీవిలో ఆమె చొరవతో పెద్దల కోసం ఒక తరగతి మొదలైంది. పైకి చూసేవారికి అది సహకార సంఘం వారి దుకాణం, పాఠాలు వెనుక గదిలో జరిగేవి. పాఠం చెప్పిన బెర్నీస్ రాబిన్సన్ శిక్షణ పొందిన ఉపాధ్యాయిని కారు, జుట్టు అలంకరణ పని చేసుకునే మహిళ. మీరేమి నేర్చుకోవాలనుకుంటున్నారని ఆమె మొదటే అడిగారు. పేరు రాయడం, బైబిల్ చదవడం, వస్తువులు తెప్పించుకునే ఫారం నింపడం అన్నారు వచ్చినవారు. ఆమె అక్కడి నుంచే మొదలుపెట్టారు. మరోవైపు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనను గోడకు అంటించి, చివరికి అందరూ దీన్ని చదవాలన్నారు. ఆ నమూనాలో దక్షిణాది అంతటా తరగతులు వెలిశాయి, వేలమంది ఓటర్లయ్యారు. 1965 ఓటు హక్కుల చట్టం వచ్చాక ఆ చదువు పరీక్షలు ఆగిపోయాయి. పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిన ఉపాధ్యాయులంటే ఎవరని నన్నెవరైనా అడిగితే బెర్నీస్ రాబిన్సన్ పేరే చెబుతాను.

బ్రెజిల్‌లోనూ చదవడం రానివారికి ఓటు ఉండేది కాదు. 1963లో ఆంజికోస్ అనే చిన్న పట్టణంలో విద్యావేత్త పావ్లో ఫ్రేరే బృందం సుమారు 300 మంది శ్రామికులకు 40 గంటల పాఠాలతో చదవడం నేర్పే ప్రయత్నం చేసింది. పాఠంలోని మాటలన్నీ ఆ శ్రామికుల రోజువారీ జీవితం నుంచి తీసుకున్నవే. మరుసటి ఏడాది సైన్యం అధికారం చేజిక్కించుకుని ఆ కార్యక్రమాన్ని ఆపేసింది, ఫ్రేరేను జైల్లో పెట్టింది. అక్కడ నిరక్షరాస్యులకు ఓటు 1985లో గానీ రాలేదు.

చదువుకున్నవారు ఎదిరించగలరు, సరే. కలిసి నిర్మించగలరా? దీనికి డెన్మార్క్ చరిత్రలో మంచి జవాబు ఉంది. గ్రున్‌ట్విగ్ అనే మతగురువు ఆలోచనల ప్రేరణతో 1844లో రోడింగ్‌లో ఒక బడి మొదలైంది. రైతు కుటుంబాల యువతీయువకుల కోసం పుట్టిన ఈ జానపద ఉన్నత పాఠశాలల్లో పరీక్షలు ఉండేవి కావు, పట్టాలు ఇచ్చేవారు కారు. వ్యవసాయపు పనులు తక్కువగా ఉండే నెలల్లో అక్కడే ఉండి చరిత్ర, సాహిత్యం చదివేవారు, పాటలు పాడేవారు, చర్చించేవారు. 1864 యుద్ధంలో ఓడి దేశం చాలా భూభాగం పోగొట్టుకున్న తర్వాత ఇలాంటి బడులు ఇంకా పెరిగాయి. అంతలో అమెరికా నుంచి చౌక ధాన్యం వచ్చి పడి ఐరోపా రైతుల ధరలు కూలిపోయాయి. డెన్మార్క్ రైతులు ధాన్యం మీద ఆధారపడటం తగ్గించి వెన్న తయారీకి మళ్లారు. 1882లో యెడింగ్‌లో మొదటి సహకార పాల కేంద్రం వచ్చింది, కొన్నేళ్లలోనే దేశమంతటా వందల కొద్దీ వెలిశాయి. ఎన్ని ఆవులున్నా సభ్యుడికి ఒకే ఓటు అన్నది ఆ సంఘాల పద్ధతి. వాటిని ముందుండి నడిపినవారిలో ఆ బడుల్లో చదివినవారు చాలామంది. పాల కేంద్రాలు రావడానికి బడులు ఎంతవరకు కారణమన్న చర్చ ఆర్థిక చరిత్రకారుల్లో నేటికీ నడుస్తోంది. నా మట్టుకు నాకు ఒక విషయం స్పష్టం: లెక్కల పుస్తకం అందరి ముందు తెరిచి పెట్టి, చదివి, ప్రశ్నించి, చివరికి ఒక మాట మీద నిలబడగల మనుషులు ముందుగా ఉంటేనే సహకార సంఘం నిలుస్తుంది. అలాంటివారు బడిలోనే తయారు కానక్కరలేదు గానీ, మంచి బడి వారిని పెద్ద సంఖ్యలో తయారు చేయగలదు.

ఇక మీ ఉద్యోగం సంగతి. మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త 1973లో రాసిన పరిశోధన వ్యాసం మీ బాధను సూటిగా వివరిస్తుంది. ఈ కృషికే ఆయనకు 2001లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పనికి మనిషిని తీసుకునేవారికి ఆ మనిషి సామర్థ్యం బయటికి కనిపించదు, అందుకని పట్టాను గుర్తుగా తీసుకుంటారు. ఆ పట్టా కోసం చదివినప్పుడు నైపుణ్యం ఏమీ పెరగకపోయినా సరే, అది గుర్తుగా పనిచేస్తుంది. అందరికీ అదే పట్టా వచ్చాక ఆ గుర్తు చెల్లదు, ఇంకా పెద్ద పట్టా అడుగుతారు. ఇంటింటా ఖర్చు పెరుగుతుంది, సంవత్సరాలు గడుస్తాయి, సమాజంలో తెలివి మాత్రం పెరగదు. మీరు చిక్కుకున్నది ఈ పరుగులో. అది మీ లోపం కాదు. ఉద్యోగాలు పుట్టడానికి పెట్టుబడి, రోడ్లు, విద్యుత్తు, నమ్మదగిన చట్టాలు కూడా కావాలి. వాటన్నిటి లోటును చదువు ఒక్కటే తీర్చలేదు.

అలాగని చదువుకు ఆర్థిక ఫలితమే లేదనుకుంటే పొరపాటు. ఇండోనేసియా 1973 నుంచి ఐదారేళ్లలో, చమురు ఆదాయంతో, 61,000కు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. ఆర్థికవేత్త ఎస్తేర్ డుఫ్లో 2001లో దాని ఫలితాలను లెక్కగట్టారు. ప్రతి వెయ్యిమంది పిల్లలకు ఒక బడి చొప్పున కట్టినందుకు, ఆ పిల్లలు పెద్దయ్యాక వారి వేతనాలు 1.5 నుంచి 2.7 శాతం పెరిగాయి. చూడటానికి చిన్న అంకెలు. కానీ అవి ఒక తరం మొత్తానికి, జీవితాంతం వర్తించే అంకెలు. ఆ దేశం డబ్బు పెట్టింది ప్రాథమిక బడి మీద అన్నది ముఖ్యం. పై మెట్ల దగ్గర పోటీ ఎక్కువ, కింది మెట్ల దగ్గర అసలైన నేర్చుకోవడం ఎక్కువ. సమాజాలు మాత్రం ర్యాంకుల మీద, పేరున్న విశ్వవిద్యాలయాల మీద కళ్లు పెట్టుకుని, మొదటి మూడు తరగతులను పట్టించుకోవు. నా ఉద్యోగమంతా నేను పోరాడింది ఈ చూపుతోనే.

మోసాల గురించి అడుగుతూ, చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెతను మీరు గుర్తుచేశారు. చదువు దానంతటదే మనిషిని మంచివాణ్ణి చేయదు. దీన్ని ఒప్పుకోవడానికి నేను ఏమాత్రం వెనుకాడను. 1942 జనవరి 20న బెర్లిన్ శివారులోని వాన్‌జే సరస్సు ఒడ్డున ఒక భవనంలో 15 మంది జర్మన్ అధికారులు సమావేశమై, ఐరోపాలోని యూదులందరినీ తుదముట్టించే ఏర్పాట్లను చర్చించారు. ఆ 15 మందిలో ఎనిమిది మందికి డాక్టరేట్లు ఉన్నాయి. ప్రపంచమంతా గౌరవించిన విశ్వవిద్యాలయాల దేశం అది. ఆ రోజు ఆ గదిలో తెలివికి లోటు లేదు. ఎదుటివాడు కూడా నాలాంటి మనిషేనన్న ఎరుక, పై నుంచి వచ్చిన ఆదేశం తప్పయితే తప్పని అనగల తెగువ లేవు. ఇవి నీతి పాఠాన్ని వల్లెవేస్తే వచ్చేవి కావు. వేరువేరు ఇళ్ల పిల్లలు ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు, ఉపాధ్యాయుడు చెప్పిన దానితో విభేదించిన పిల్లవాడికి శిక్ష పడనప్పుడు, ఓడినవాణ్ణి ఎవరూ ఎగతాళి చేయనప్పుడు కొద్దికొద్దిగా అలవడతాయి. ప్రశ్న అడిగినందుకు దెబ్బ తిన్న పిల్లవాడు బడిలో నేర్చుకునేది విధేయత మాత్రమే. ఆ విధేయత ఎవరి చేతిలో పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. డబ్బున్న పిల్లలకు ఒక బడి, లేని పిల్లలకు మరో బడి అన్న ఏర్పాటును నేను వ్యతిరేకించడానికి ఉన్న కారణాల్లో మొదటిది ఇదే. వసతుల తేడా ఆ తర్వాతి మాట.

బడి ఉండటం, పిల్లలు బడిలో ఉండటం, పిల్లలు నేర్చుకోవడం మూడూ వేరు. పేద, మధ్య ఆదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో 53 శాతం మంది ఒక చిన్న కథను చదివి అర్థం చేసుకోలేకపోతున్నారని ప్రపంచ బ్యాంకు 2019లో ప్రకటించింది. మహమ్మారి వల్ల బడులు మూతపడ్డాక, 2022లో ఆ అంచనా 70 శాతానికి చేరింది. వీరిలో ఎక్కువమంది పేర్లు హాజరు పట్టీలో ఉన్నవే. ఇలా ఎందుకు జరుగుతుందో తరగతి గదిలో ఉన్నవారికి తెలుసు. రెండో తరగతిలో కూడబలుక్కుని చదివే దశలో ఆగిపోయిన పిల్ల మూడుకు వెళుతుంది, నాలుగుకు వెళుతుంది. పాఠ్యపుస్తకం ముందుకు పోతుంది, ఆమె అక్కడే ఉండిపోతుంది. సిలబస్ పూర్తి చేయాల్సిన ఉపాధ్యాయుడికి వెనక్కి తిరిగి చూసే తీరిక ఉండదు. ఐదో తరగతికి వచ్చేసరికి తనకు చదువు రాదని ఆ పిల్లే నమ్మేస్తుంది. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ భారతదేశంలో అమలు చేసిన పద్ధతి దీనికి సరైన విరుగుడు. రోజులో కొంతసేపు తరగతులను పక్కన పెట్టి, ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో చూసి, ఆ స్థాయి పిల్లలను ఒక గుంపుగా కూర్చోబెట్టి నేర్పుతారు. అక్షరాల దగ్గర ఆగినవారికి అక్షరాలు, వాక్యాల దగ్గర ఆగినవారికి వాక్యాలు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందాలు దీన్ని పలుచోట్ల శాస్త్రీయంగా పరీక్షించి, బాగా అమలు చేసిన చోట పిల్లల చదువు స్పష్టంగా మెరుగుపడిందని చూపించాయి. కొత్త భవనం అవసరం లేదు, ఖరీదైన యంత్రం అవసరం లేదు. వెనకబడిన పిల్లవాడిని చూడాలన్న నిర్ణయం ఉండాలి.

బడి మీద మోయలేని బరువు పెట్టడం కూడా న్యాయం కాదు. 1966లో అమెరికాలో లక్షలమంది విద్యార్థులను పరిశీలించిన కోల్‌మన్ నివేదిక, పిల్లల మార్కుల్లోని తేడాలకు బడి వసతులకంటే ఇంటి నేపథ్యమే ఎక్కువ కారణమని తేల్చింది. చాలామంది దీన్ని విని, అయితే బడి వల్ల ఏమీ కాదని చేతులెత్తేశారు. అది తప్పుడు అర్థం. అదే దశాబ్దంలో మిషిగన్ రాష్ట్రంలో పెర్రీ పూర్వ ప్రాథమిక పాఠశాల ప్రయోగం జరిగింది. పేద కుటుంబాలకు చెందిన 123 మంది పిల్లల్లో 58 మందికి మూడు, నాలుగేళ్ల వయసులో మంచి పూర్వ ప్రాథమిక విద్య అందించి, ఇంటికి వెళ్లి తల్లులతోనూ మాట్లాడారు. తెలివితేటల పరీక్షల్లో వారికి వచ్చిన ఆధిక్యం కొన్నేళ్లకే చెదిరిపోయింది. కానీ నలభై ఏళ్ల వయసులో చూస్తే, మిగతావారికంటే వీరి సంపాదన ఎక్కువగా ఉంది, అరెస్టులు తక్కువగా ఉన్నాయి. ఓపిక పట్టడం, మొదలుపెట్టిన పని పూర్తి చేయడం, నలుగురితో కలిసి ఉండటం వంటివి ఏ మార్కుల జాబితాలోనూ కనిపించకుండా వారిలో నిలిచిపోయి ఉండాలి.

ఫోను గురించి అడిగారు. 1988లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగం నాకు చాలా ఇష్టం. 64 మంది విద్యార్థులకు ఒక బేస్‌బాల్ ఆట వర్ణన చదవడానికి ఇచ్చారు. చదవడంలో వెనకబడినా ఆ ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లలకంటే ఆ వర్ణనను మెరుగ్గా అర్థం చేసుకున్నారు, గుర్తుపెట్టుకున్నారు. ముందే కొంత తెలిస్తేనే కొత్తది తలకెక్కుతుందని అర్థం. ఏమీ తెలియనివాడి చేతిలో ఫోను జవాబులు ఇస్తుంది కానీ, ఏమి అడగాలో, వచ్చిన జవాబును నమ్మవచ్చో లేదో అతనికి తెలియదు. 2016లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షిస్తే, మాధ్యమిక పాఠశాల పిల్లల్లో 80 శాతానికి పైగా, ప్రకటన అని రాసి ఉన్నా దాన్ని వార్తే అనుకున్నారు. సమాచారం కొరతగా ఉన్న రోజుల్లో బడి సమాచారం ఇచ్చేది. ఇప్పుడు అది ముంచెత్తుతోంది కాబట్టి, తూకం వేయడం నేర్పే బడి మునుపటికంటే ఎక్కువ అవసరం.

పని కోసం ఎదురుచూస్తున్న ఈ రోజుల్లో మీకు వీలైతే ఒక పని చేసి చూడండి. మీ వీధిలో నాలుగో తరగతి చదివే పిల్లలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, రెండో తరగతి వాచకంలోని ఒక పేరా చదవమనండి. తప్పులు దిద్దవద్దు, తొందర పెట్టవద్దు. చదివాక అందులో ఏముందో వారి మాటల్లో చెప్పమనండి. ఎవరు అక్షరాల దగ్గర ఆగారో, ఎవరు మాటల దగ్గర ఆగారో, ఎవరు చదివి కూడా అర్థం చేసుకోలేదో రాసుకోండి. రోజూ ఒక గంట, వారు ఆగిన చోటి నుంచే మొదలుపెట్టి కొన్ని వారాలు చదివించండి, మళ్లీ అదే పేరా ఇచ్చి తేడా నమోదు చేయండి. ఆ కాగితం తీసుకుని బడిలో జరిగే తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లండి. మన పిల్లల్లో ఎంతమంది చదవగలరు, రానివారికి రోజులో ఏ గంట కేటాయిస్తున్నారు అని అడిగి, జవాబును అక్కడి నమోదు పుస్తకంలో రాయించండి. పిల్లల పేర్లు మాత్రం అందరి ముందూ చదవవద్దు, విడిగా తరగతి ఉపాధ్యాయుడికి ఇవ్వండి.